పెన్సిల్ మీద సిరా

“పెన్సిల్‌తో రాసీసినాను. నువ్వు సిరాతో దిద్దీసి కాలేజీలో ఇచ్చిరా. ఈరోజే ఆఖరు,” అంటూ మొగుడు జగ్గారావు దరఖాస్తు వంటింటి గట్టు మీద పడేసి, పోర్టు ఆఫీసుకి వెళ్ళిపోయాడు. గంగాభవాని చేతులనిండా చేప పొలుసులు. ఆ దరఖాస్తు ఆమెదే.

వన్ టౌన్‌లో ఆ ఇంటికి అదొక ఆచారం. ఏ ఫారమైనా మగవాళ్ళు పెన్సిల్‌తో నింపుతారు, భవాని సిరాతో దిద్దుతుంది. వాళ్ళవి కోడిగీతలు, ఆమెవి ముత్యాలు మరి! మొగుడి ప్రమోషన్ అర్జీ ఆమె దిద్దిందే. ఎనభై రెండులో మరిది నూకరాజు ఎంబీఏ ఫారమూ ఆమె దిద్దిందే. అతనికి ప్రమోషన్ వచ్చింది, ఇతనికి సీటొచ్చింది. ఆమె వేలికి కాయ కాసింది.

ఏ డిగ్రీ చదివినా ఎంబీఏకి రానిస్తారని ఆ ఫారంలోనే చదివింది. హిస్టరీ చదివి వెళ్ళిన నూకరాజుకి నోట్సు సాపు రాసిపెడుతూ ఇంకొకటి తెలుసుకుంది. “బీకాం సదివినోలికి హాయి వదినా. ఈ బేలెన్స్ షీట్లేటో నాకు బుర్రకెక్కవు,” అని అతను తల పట్టుకున్న చోటల్లా ఆమెకి అర్థమయ్యేది.

అందుకే మొన్న భోజనాల దగ్గర, ఏడేళ్ళ కాపురంలో మొదటిసారి, తన కోసం ఒకటి అడిగింది. “డిగ్రీలో చేరతానండి. బీకాం తీసుకుంటాను. తర్వాత ఎంబీఏకి రాస్తాను.”

జగ్గారావుకి నవ్వుతో పొలమారింది. “ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట! హోం సైన్సు తీసుకో. వంటా గట్రా నేర్పుతారంట, ఇంటికి పనికొస్తాది.”

ఏడేళ్ళుగా ఆరుగురికి రెండు పూటలా వండి వారుస్తున్న మనిషికి వంట నేర్పిస్తారట! “సదవనిత్తన్నాం, అదే గొప్ప. ఇంకేటి కావాల?” అంది అత్త నారాయణమ్మ. నూకరాజు తలొంచుకుని చారు జుర్రుకున్నాడు. ఇదివరకైతే ఇలాంటి మాటలకి ఆమెకి ఏడుపొచ్చేది. ఆరోజు అదీ రాలేదు. లోపలంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది. ఎవరికి మజ్జిగ కావాలో చూసి పోసింది.

ఇప్పుడు చేతులు కడుక్కుని కూర్చుంది. తన పేరు దిద్దింది. పుట్టిన తేదీ దిద్దింది. పెళ్ళయింది కనక సంరక్షకుడు భర్త. పెన్సిల్ సంతకం చెల్లదని, అడుగున అదొక్కటీ జగ్గారావు సిరాతోనే పెట్టి వెళ్ళాడు.

కోరిన కోర్సు దగ్గర పెన్ను ఆగింది. హోం సైన్స్. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. సాయంత్రం ఈ ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. భయమూ రాలేదు.

“ఏటమ్మా, ఇంకా అవలేదా? సేపలు పాడైపోతాయి!” పెరట్లోంచి అత్త కేక.

“అయిపోతంది అత్తా.”

నూకరాజు బల్ల మీది రబ్బరు తెచ్చి ఆ రెండు మాటలూ తుడిచేసింది. పొట్టు ఊదింది. ఆ ఖాళీలో తన ముత్యాల్లాంటి అక్షరాలతో బీకాం అని రాసింది.

అడుగున మొగుడి సంతకం ఎప్పుడో ఆరిపోయి ఉంది.