గాజుపెట్టె కాపలా

కిటికీ బాబాయిని ఒక అనుమానం ఏళ్ల తరబడి పీడిస్తోంది. రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, "స్వామీ, ఈ దారిన పోయే రైలుబళ్లన్నీ నీకే అప్పజెప్పాను, నువ్వే చూసుకో" అనేవాడు. అప్పజెప్పిన మరుక్షణం కేబిన్ మెట్లెక్కి, కిటికీలోంచి మెడ సాచి, పొద్దుగూకేదాకా తనే చూసుకునేవాడు. అప్పజెప్పినవాడికి మళ్లీ చూసుకోవడం ఎందుకు? ఇది భక్తి చాలక చేసే పనా, లేక చూడమనే దేవుడు కళ్లిచ్చాడా? ఒకసారి భార్యని అడగబోయాడు. ఆవిడ బట్టలు ఆరేస్తోంది. "ముందు ఆ తీగ కాస్త ఎత్తి పట్టుకోండి" అంది. తీగ ఎత్తి పట్టుకున్నాడు. ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఆయన ఉద్యోగం మీటలు లాగడం. స్టేషన్ చివర, పట్టాల పక్కన, ఎత్తుమీద కట్టిన చెక్క కేబిన్ ఆయనది. ఏ బండి దాటిపోయినా, దాని ఆఖరి డబ్బా వెనక వేలాడే ఎర్రదీపం కంటితో చూస్తేగాని వెనక బండికి దారిచ్చేవాడు కాదు. దీపం కనబడలేదంటే డబ్బా ఒకటి తెగి వెనకెక్కడో నిలబడిపోయిందన్నమాటే. అందుకని ఎండైనా వానైనా ఆయన మెడ కిటికీ బయటే ఉండేది. పనివాళ్లంతా కలిసి ఆయనకు కిటికీ బాబాయి అని పేరు పెట్టేశారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం రోజున తప్ప వినబడేది కాదు.

అలాంటి చోటికి కంపెనీవాళ్లు కరెంటుతో సిగ్నల్ నడిపే గాజుపెట్టె తెచ్చారు.

తెచ్చిన రోజున పెద్ద ఇంజనీరుగారు ప్లాట్‌ఫాం మీద కుర్చీ వేయించుకుని మరీ ఉపన్యసించారు. "మనిషి కన్ను అలిసిపోతుంది, కరెంటు అలిసిపోదు. మనిషి అబద్ధమాడతాడు, కరెంటుకు అబద్ధం రాదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. కిటికీ బాబాయి కూడా కొట్టాడు గాని, చేతులకు దుమ్ము అంటుకుంటే దులుపుకునే పద్ధతిలో కొట్టాడు. ఆ మర్నాడే మనుషులొచ్చి ఆయన మీటల్లో మెయిన్ లైను సిగ్నల్ మీటని పీకి పట్టుకుపోయారు. ఇకమీదట ఆ సిగ్నల్ తనంతట తానే లేస్తుందట, వాలుతుందట.

గాజుపెట్టెకు చాకిరీ చేసే పని ఎవరికి దొరికిందయ్యా అంటే, ఆయన సొంత బావమరిదికే. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఒకప్పుడు కేబిన్లలో మీటలు లాగినవాడే. ఇప్పుడు పట్టాల పక్క గుంటల్లో దించిన బ్యాటరీ జాడీలు తుడవడం, నీళ్లు పోయడం, మైలుతుత్తం గడ్డలు వేయడం అతని పని. వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉండేవి.

"చాలా తేలిక బావా" అని మొదటిరోజే చెప్పుకొచ్చాడు. "ఈ చివర జాడీలు. కరెంటు ఒక పట్టా వెంట పోతుంది. ఆ చివర గాజుపెట్టెలో ఇనప నాలుక ఉంది చూడు, దాన్ని పైకెత్తి పట్టుకుంటుంది. రెండో పట్టా వెంట తిరిగొస్తుంది. నాలుక పైన ఉన్నంతసేపూ దారి ఖాళీ, సిగ్నల్ రెక్క వాలి రమ్మంటుంది. బండి వచ్చిందనుకో, దాని చక్రాలూ ఇరుసూ రెండు పట్టాల్నీ కలిపేస్తాయి. దగ్గరదారి దొరికింది కదా అని కరెంటు అక్కణ్ణించే వెనక్కి తిరిగేస్తుంది. నాలుక పడిపోతుంది. రెక్క అడ్డంగా లేచి ఆగమంటుంది."

"అంటే మీ కరెంటు కూడా నీలాంటిదే. సగం దారిలోంచే ఇంటికొచ్చేసే రకం."

"నవ్వు, నవ్వు. జాడీ పగిలినా, తీగ తెగినా, పట్టా విరిగినా నాలుక పడుతుంది, బండి ఆగుతుంది. నీకు నిద్ర పడితే ఏం పడుతుంది?"

"నాకు డ్యూటీలో నిద్ర పట్టదురా. అది పెద్ద జీతగాళ్ల జబ్బు. సరేగాని, బండి కాకుండా ఓ గునపం అడ్డంగా పడేస్తే?"

"గునపమైనా అంతే. ఇనుము ఇనుమే కదా."

"ఆహా! బండికీ గునపానికీ తేడా తెలియనంత తెలివైనది దొరికాక, నాలాంటి మొద్దుని ఇంకెందుకు పెట్టుకుంటార్రా?"

నవ్వులాటగానే అన్నాడు గాని, మాట నిజమే. గాజుపెట్టెను పరీక్షకు పెట్టారు. పరీక్ష చివరిరోజున పెద్ద ఇంజనీరుగారే వచ్చి చూసి తేలుస్తారు. నెగ్గితే బావమరిది ఉద్యోగం ఖాయం, కిటికీ బాబాయి కేబిన్ మూత. ఆయన్ని ఎక్కడో కంకర యార్డులో తట్టలు లెక్కపెట్టడానికి పంపుతారు. ఓడితే పీకిన మీట వెనక్కొస్తుంది. బావమరిది మాత్రం భార్యాపిల్లలతో వీధిన పడతాడు.

ఇంట్లో ఆవిడ పరిస్థితి చెప్పనలవి కాదు. ఒకే గోడకు అటు తమ్ముడి కాపురం, ఇటు తన కాపురం. "మొగుడి కోసం దండం పెడితే తమ్ముడి పొట్ట కొట్టినట్టు, తమ్ముడి కోసం పెడితే మొగుడి నోట్లో కంకర పోసినట్టు. నేనేమని మొక్కుకోను?" అని గిన్నెలమీద కోపం చూపించేది.

కిటికీ బాబాయి మాత్రం తన మొక్కు తాను మొక్కుకున్నాడు. "స్వామీ, ఎవరికీ దెబ్బ తగలకుండా, ఇంజనీరుగారు చూస్తుండగా, ఆ పెట్టె కొంచెంగా చెడిపోయేట్టు చెయ్యి." మొక్కుకున్నాక ఆయనకే సిగ్గేసింది. దేవుడి దగ్గరికెళ్లి చిల్లర పనులు పురమాయించడం ఏమిటని చెంపలు వేసుకున్నాడు. కాని మొక్కు వెనక్కి తీసుకోలేదు.

పరీక్షరోజు రానే వచ్చింది. పెద్ద ఇంజనీరుగారు తన సొంత సెలూనులో దిగారు. సెలూనంటే ఆయన కోసమే కట్టిన డబ్బా. లోపల మంచం, పరుపు, పట్టు తెరలు. ముందొక ఇంజను, వెనక ఆ ఒక్క సెలూను, అంతే బండి. అది వచ్చి మెయిన్ లైనులో ప్లాట్‌ఫాంకు ఇవతలే, చెట్ల నీడన ఆగింది. ఇంజను విడిపోయి నీళ్లు పట్టుకోవడానికి ముందుకు వెళ్లాల్సి ఉంది.

స్టేషన్ మాస్టరు చేతులు నలుపుకుంటూ వెళ్లి, "అయ్యా, తమ సెలూనుని పక్క లైనులోకి నెట్టిస్తాను" అన్నాడు.

"అక్కడ బొగ్గుదుమ్ము. ఇక్కడే ఉండనీ."

"వెనక గూడ్సు ఒకటి రావాలండీ..."

"వస్తే నా సిగ్నల్ ఆపుతుంది. అందుకు కాదూ దాన్ని పెట్టింది? మీకే నమ్మకం లేకపోతే జనానికెలా ఉంటుందయ్యా?" అని ఇంజనీరుగారు తెరలు దించుకున్నారు. పరీక్ష చేయబోయే ముందు ఒక కునుకు తీస్తే బుర్ర చురుగ్గా పని చేస్తుందని ఆయన నమ్మకం.

కేబిన్ బల్లమీద గడియారమంత బిళ్ల ఒకటి బిగించి ఉంది. దారిలో బండి ఉంటే ఎర్రగా, ఖాళీ అయితే తెల్లగా తిరుగుతుంది. సెలూను బండి రాగానే అది బుద్ధిగా ఎర్రబడింది. కిటికీ బాబాయి మూతి విరిచాడు. ఇంజను విడివడి ముందుకు వెళ్లిపోయింది. బిళ్ల టక్కుమని తెల్లబడింది.

ఆయన కిటికీలోంచి చూశాడు. సెలూను ఉన్నచోటే ఉంది, అంత లావున, తెరలతో సహా. మళ్లీ బిళ్ల చూశాడు. తెలుపు. దారి ఖాళీ అంటోంది!

ఎన్నాళ్లకి! ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ తెలివి తగలెయ్యా! గునపం కనబడుతుందిగాని పెద్ద ఇంజనీరు కనబడడా నీకు?" స్టేషన్ మాస్టరుని పిలిచి చూపిద్దామా, ఇంజనీరునే నిద్రలేపి చూపిద్దామా అని ఆ సంబరంలోనే కాసేపు గడిపాడు. అప్పుడు కూత వినబడింది.

దూరాన మలుపులో పొగ. గూడ్సు వస్తోంది. దానికి ఎదురుగా సిగ్నల్ రెక్క నిక్షేపంగా వాలి, దయచేయండి అంటోంది.

ఆయన చేయి అలవాటుగా మీట దగ్గరికి పోయింది. అక్కడ మీట లేదు. మీట పీకిన కంత ఉంది.

కిటికీలోంచి సగం ఒళ్లు బయటికి వేసి అరిచాడు. సిగ్నలుకూ సెలూనుకూ మధ్య, పట్టాల పక్క గుంటలో బావమరిది జాడీలు తుడుస్తున్నాడు.

"ఒరేయ్! రెక్క వాలిందిరా!"

"పొద్దున్నే మొదలెట్టావా బావా వెక్కిరింత?"

"వెక్కిరింత కాదురా! సెలూను ఇక్కడే ఉంది! గూడ్సు వచ్చేస్తోంది!"

బావమరిది సెలూను వంక చూశాడు, రెక్క వంక చూశాడు. గుంట తవ్వడానికి తెచ్చుకున్న గునపం తీసి రెండు పట్టాలమీదా అడ్డంగా పడేసి, దానిమీద రెండు కాళ్లతో ఎక్కి నిలబడ్డాడు.

రెక్క లేచింది.

గూడ్సు డ్రైవరు చూశాడు. బ్రేకులు కీచుమన్నాయి. బరువైన బండి వెంటనే ఆగుతుందా? సిగ్నలు దాటుకుని, నిప్పులు రాల్చుకుంటూ వస్తూనే ఉంది. బావమరిది కదల్లేదు. దిగితే గునపం పక్కకి జారి రెక్క మళ్లీ వాలుతుందన్నదొక్కటే అతని బుర్రలో ఉంది. ఇంజను ఆవిరి అతని మొహానికి కొట్టేంత దగ్గర్లో బండి ఆగింది. అప్పుడు దిగాడు. దిగి, గుంట గట్టుమీద కూలబడ్డాడు.

కిటికీ బాబాయి మెట్లు దిగి వచ్చేసరికి ఇంజనీరుగారు సెలూను దిగి వస్తున్నారు, వెనకే స్టేషన్ మాస్టరు. ఇంజనీరుగారి చెంపమీద దిండు ముడతలు అచ్చుపడి ఉన్నాయి.

"పట్టాలమీద గునపం వేసిందెవడు?"

"నేనేనండి" అన్నాడు బావమరిది, లేవలేక లేస్తూ.

"నువ్వా! కంపెనీ లైనుమీద ఆటలా? పరీక్షరోజునే సిగ్నల్ తప్పుగా వాలిందంటే కారణం నువ్వే. జాడీల్లో నీళ్లు ఎండబెట్టి ఉంటావు. మాస్టరుగారూ, ఇతని పేరు కొట్టేయండి."

"కొట్టేస్తానండి" అన్నాడు మాస్టరు. ఎవరి పేరైనా కొట్టేసేవాడే ఆయన.

ఇంజనీరుగారు ఇటు తిరిగారు. "నువ్వు కేబిన్ మనిషివి కదూ? ఈ పెట్టెని మొదట్నుంచీ నమ్మనివాడివి నువ్వే అట. ఇప్పుడు చెప్పు. ఇతను సరిగ్గా చూసుకోక అది చెడింది. అవునంటే నీ మీట నీకు తిరిగి వేయిస్తాను, ఇంకో మంచి మనిషి దొరికేదాకా."

కోరుకున్నదంతా పళ్లెంలో పెట్టి ముందుంచారు. అవును అన్న ఒక్క మాట చాలు. కిటికీ బాబాయి బావమరిది కాళ్ల వంక చూశాడు. గునపం మీంచి కదలని కాళ్లవి. ఇలాంటి పళ్లెం పట్టుకొచ్చినవాణ్ణి పట్టుకుని దేవుడనుకోవడం తన వల్ల కాదనుకున్నాడు.

"చెడలేదండి" అన్నాడు.

"ఏమిటీ?"

"అదంటే నాకు ఇప్పటికీ గిట్టదు. కాని చెడలేదు. ఇంజను ఉన్నంతసేపూ ఎర్రగానే ఉంది. గునపం పడగానే రెక్క లేచింది. మా వాడి జాడీలు బాగున్నట్టే కదండీ? దానికి కనబడనిది తమ సెలూను ఒక్కటే. ఎందుకో నాకు తెలీదు. తమరు చదువుకున్నవారు, తమరే చెప్పాలి."

ఇంజనీరుగారు నెమ్మదిగా సెలూను దగ్గరికి నడిచి, వంగి, చేతికర్రతో చక్రం మధ్య తట్టారు. టక్ టక్ అని తలుపు తట్టినట్టు మోగింది. చెక్క. బయట ఇనప కట్టు, నడుమ ఇనప ఇరుసు, రెంటికీ మధ్య టేకు చెక్కలు. నిద్రకు చప్పుడు పడదని తానే అడిగి వేయించుకున్న చక్రాలు. చెక్కలోంచి కరెంటు పారదని ఆయనకు తెలియక కాదు. ఆ సంగతి కుర్రకారుకు పాఠం చెప్పిన మనిషే. తన పరుపు కింద ఏముందో చూసుకోలేదు, అంతే.

ఆయన మొహం గాజుపెట్టె బిళ్లలా ఎర్రబడింది. క్షమించమని అనలేదు. అలాంటి మాటలు ఆ జీతంలో రావు. "పేరు ఉండనీయండి" అని మాస్టరుతో అని లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు మళ్లీ తెరలు తీయలేదు.

కొన్నాళ్లకు పైనుంచి ఆర్డరు వచ్చింది. పెద్ద ఇంజనీరుగారు ఎంతో ముందుచూపుతో కనిపెట్టిన దాన్నిబట్టి, చెక్క చక్రాలున్న ప్రతి డబ్బాకూ ఇనప కట్టునీ ఇరుసునీ కలుపుతూ రాగిరేకు బిగించాలట. గాజుపెట్టె నెగ్గింది. రాగిరేకులన్నీ పడేదాకా, తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా, కేబిన్‌లో మనిషి కూడా ఉండాలట. కంపెనీలో తదుపరి ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తూ రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు గనక, కిటికీ బాబాయి ఇంటికెళ్లి స్థిమితంగా కాళ్లు చాపుకున్నాడు.

"ముందుచూపుట!" అన్నాడు భార్యతో. "కళ్లు మూసుకుని పడుకున్నవాడి ముందుచూపు!"

"ఆయన సంగతి మనకెందుకు? పక్కింట్లో మా తమ్ముడు చూడండి, ఇవాళ మళ్లీ జ్వరంతో మూలుగుతున్నాడు. ఆ బండి ముందు నిలబడ్డప్పటి దడ ఇంకా దిగలేదు. రేపు జాడీలెవరు చూస్తారని వాడి బెంగ. మన పెద్దది పుట్టినప్పుడు మీకు బదులు ఒక డ్యూటీ అంతా చేశాడు వాడు, గుర్తుందా? తిరిగి చేస్తానన్నారు. ఆ పిల్ల ఇప్పుడు జడ తనే వేసుకుంటోంది."

మర్నాడు కిటికీ బాబాయికి సెలవు. పొద్దున్నే దండం పెట్టుకుని, బావమరిది బకెట్టూ గుడ్డా తీసుకుని పట్టాల వెంట నడిచాడు. ఒక్కో గుంటలోకీ దిగి, జాడీ తుడిచి, నీళ్లు పోసి, మైలుతుత్తం గడ్డలు వేశాడు. ప్రతి మూతనీ ఒకటి రెండు తిట్లు తిట్టే మూశాడు. నడుము పట్టేసింది. వేళ్లు నీలమయ్యాయి.

సాయంత్రం ఆ వేళ్లతోనే పక్కింటి తలుపు తట్టాడు. బావమరిది దుప్పట్లోంచి తల ఎత్తాడు.

"జాడీలు..."

"అయ్యాయి. అన్నీ."

"మూతలు?"

"పెట్టానురా. పెద్దదాని పురిటినాటి డ్యూటీ ఇవాళ్టితో తీరిపోయింది. పడుకో."