పాలపళ్ల గాట్లు

పెళ్లయిన కొత్తల్లో నాకు అలియాబాద్‌లో అన్నీ ముచ్చటగానే ఉండేవి. పొద్దున్నే గేదె అరిచే అరుపు, అత్తయ్య చల్ల చిలికే చప్పుడు, ధర్మేందర్ స్కూటర్ మలుపు తిరుగుతూ రెండుసార్లు కొట్టే హారన్. సాయంత్రమైతే ఆ స్కూటర్ మీదే శామీర్‌పేట చెరువుకు వెళ్లేవాళ్లం. కట్ట మీద కూర్చుని కాల్చిన మక్కకంకి ఒక్కటే కొనుక్కుని ఇద్దరం తినేవాళ్లం.

నేను మేడ్చల్‌లో కంప్యూటర్ క్లాసులు చెబుతున్నప్పుడు ధర్మేందర్ నేర్చుకోడానికి వచ్చాడు. అతని మొదటి భార్య భవిత చెరువులో బట్టలు ఉతకబోయి కాలుజారి చనిపోయిందని మొదటి రోజుల్లోనే చెప్పాడు. దాచలేదు కదా అని మురిసిపోయాను. అమ్మ మాత్రం గుండ్లపోచంపల్లి కాలనీలో అందరికీ వినబడేలా ఏడ్చింది. కాకినాడ నుంచి ఇంత దూరం వచ్చింది రెండో పెళ్లివాడికి ఇవ్వడానికా అని.

పెళ్లిలో నా పుస్తెల మధ్య చిన్న బంగారు బిళ్ల ఒకటి గుచ్చారు. మా వైపు ఎప్పుడూ చూడలేదు. గుచ్చింది భవిత వాళ్లమ్మ శివమ్మ.

"గిది నా బిడ్డ. నీకు అక్కయితది. కొత్త చీర ముందుగాల దీనికి తాకిచ్చి నువ్వు కట్టుకోవాలె. ఇగ నువ్వు గూడ నా బిడ్డవే" అంది, నా గడ్డం పట్టుకుని.

అంత ఆప్యాయమైన ఆచారం ఉంటుందని నాకు తెలియదు. బియ్యం కడిగేటప్పుడు బిళ్ల పుస్తెలకు తగిలి చిన్నగా మోగేది. పలకరిస్తోందేమో అనుకునేదాన్ని.

ధర్మేందర్ నన్ను ఎంత గారం చేసేవాడంటే, కొట్టంలో తవుడు కుండ దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. "నీ చేతులు ఖరాబైతయ్ ప్రియా, నేను ఏస్త తియ్" అనేవాడు. ఎంత పని ఉన్నా గేదెకు తవుడు తనే పెట్టేవాడు. ఫోన్‌లో అమ్మకు ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

పెత్రమాస, బతుకమ్మ మొదలయ్యే అమావాస్య నాడు, అతను తన దుకాణానికి వెళ్లాడు. అత్తయ్య తంగేడు పూలకు పోయింది. గేదె ఒకటే అరుపు. కొంగు దోపి కుండలో చెయ్యి పెట్టాను. తవుడు అడుగంటింది. వేళ్లకు గుడ్డమూట తగిలింది.

విప్పితే గుండ్లపేరు! ఎర్రదారానికి గుచ్చిన బంగారు గుండ్లు, సందుల్లో తవుడు. నాకు నవ్వు ఆగలేదు. నా మొదటి బతుకమ్మకు ఇవ్వాలని దాచాడన్నమాట! అందుకేనా కుండ దగ్గరికి రానివ్వలేదు దొంగ! కడిగి, పట్టుచీర మీద వేసుకుని, అద్దం ముందు తిరిగి తిరిగి చూసుకున్నాను. అతను రాగానే ముఖం ఎలా పెడతాడో చూడాలని.

ముందు వచ్చింది శివమ్మ. చేతిలో చీర, గాజులు.

"ఏం బిడ్డా, మంచిగున్నవా? మస్తు సక్కగ..."

ఆమె చూపు నా మెడ మీద పడింది. "గది యాడిది?"

"మా ఆయన దాచారమ్మా, పండక్కి ఇద్దామని. నేనే ముందు పట్టేశాను!"

ఆమె దగ్గరికి వచ్చి గుండ్లను వేళ్లతో ఒక్కొక్కటే తడిమింది. ఒక గుండు దగ్గర వేలు ఆగిపోయింది.

"దీని మీద గాట్లు సూడు. భవిత పాలపండ్లవి. సంకల ఉండి నా మెడలది నోట్లె పెట్టుకుని కొరికేది. మా అవ్వ గుండ్లపేరు ఇది. పెండ్లినాడు దాని మెడల ఏసిన."

"అయితే ఇది..."

"ఆ దినం గూడ దాని మెడలనే ఉండె. పొద్దుగాల ఈడికొచ్చి నేనే సూసిన. శవాన్ని తీస్తే మెడ బోసిగున్నది. నీళ్లల్ల జారిపోయింది అత్తా అని ఏడ్సిండు. వల ఏయించి ఎతికిన బిడ్డా. డబ్బుకు గాదు, గీ గాట్లకు." ఆమె గొంతు తగ్గించింది. "యాడ దొరికింది నీకు?"

నా చేతులకింకా తవుడు వాసన వస్తోంది. చెప్పాను.

మలుపులో హారన్ రెండుసార్లు మోగింది.

ధర్మేందర్ లోపలికి వచ్చాడు. నా ముఖం చూడలేదు. మెడ చూశాడు. తర్వాత శివమ్మను చూశాడు. ఎప్పటిలాగే నవ్వాడు.

"దొరకబట్టినవా? సరే పా, చెరువు కాడికి పోదాం. కంకులు తిందాం." నా మెడ వైపు చూపించాడు. "అది తీసి లోపల పెట్టిరా. నీళ్ల కాడ జారిపోతది."

మా అమ్మ పెట్టిన గొలుసు మెడలో వేసుకునే ఎన్ని సాయంత్రాలు ఆ కట్ట మీద కూర్చున్నానో. ఒక్కనాడూ తీయమనలేదు.

"యాడికి పోతది?" శివమ్మ వాకిట్లోకి వెళ్లి గట్టిగా అంది. ఎదురింట్లో పూలు తెంపుతున్న ఆడవాళ్లు తలెత్తారు. "మొదటి బతుకమ్మకు బిడ్డను తల్లిగారింటికి తోల్కపోను వచ్చిన."

"ఆమె తల్లిగారిల్లు గుండ్లపోచంపల్లి కదత్తా."

"గా బిళ్ల మెడల ఉన్నన్ని దినాలు నేను గూడ తల్లినే. పదిమందిల ఒప్పుకున్నవ్. ఇప్పుడు కాదంటవా?"

ఎదురింటావిడ నవ్వింది. "ఇడిసిపెట్టు ధర్మేందర్, పెండ్లాం లేకుంటే నాలుగు దినాలు ఉండలేవా ఏంది?"

అతను కూడా నవ్వి పక్కకు జరిగాడు. నేను దాటుతుంటే చెయ్యి చాపాడు. "గుండ్లపేరు ఇచ్చిపో."

నా పాత గొంతు కోసం వెతుక్కున్నాను, పొద్దుటి గొంతు. దొరికింది. "పండగండీ! అమ్మవాళ్ల ఊళ్లో అందరికీ చూపించి వస్తాను" అన్నాను గలగలా. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

కరీంనగర్ రోడ్డు దాకా శివమ్మ నా మణికట్టు వదల్లేదు. బస్టాపు కనిపిస్తోంది, తంగేడు మోపులతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. నా బొటనవేలు ఆ గుండు మీద, చిన్న గాట్ల మీద ఉంది.

వెనక స్కూటర్ వస్తోంది. హారన్ లేదు. మేం నడిచినంత మెల్లగానే వస్తోంది.

"ఎనకకు సూడకు బిడ్డా" అంది శివమ్మ.