నామమాత్రపు పద్దు

దేశంలో ప్రతి శాఖకూ తనకు ఎంత కావాలో తెలుసు. ఎంత ఉన్నదో తెలిసినది ఆర్థిక మంత్రిత్వ శాఖ ఒక్కటే. అందుచేత మిగిలిన శాఖలన్నీ దానిని తిట్టిపోస్తాయి. తిట్టిన ఆ శాఖలే మర్నాడు ఉదయం పదింటికి ఫైళ్లు పట్టుకొని దాని గుమ్మం ముందు నిలబడతాయి.

ఆ మంత్రిత్వ శాఖలో బడ్జెట్ విభాగానికి అధిపతి, పదవీ విరమణకు నాలుగు నెలల దూరంలో ఉన్న ఒక స్త్రీ. సిబ్బంది ఆమెకు ఎర్ర పెన్సిల్ అని పేరు పెట్టుకున్నారు. సంగతి ఆమెకు తెలుసు. పేరులో దోషమేమీ కనిపించనందున దిద్దలేదు.

మంత్రివర్గం ఆమోదించిన బడ్జెట్ పుస్తకం తుది ప్రతి సోమవారం ఉదయం ఆమె బల్ల మీదికి వచ్చింది. సాయంత్రం నాలుగింటికి అది అచ్చుకు వెళ్లాలి. శుక్రవారం మంత్రి సభలో ప్రవేశపెట్టాలి. సరిచూసే పద్ధతి పాతది. ఒకరు వరుస సంఖ్యను, పద్దు పేరును, మొత్తాన్ని పైకి చదువుతారు. మరొకరు నిరుటి పుస్తకంలో గుర్తు పెడతారు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆమె ఈ పద్ధతిని మాననివ్వలేదు.

సూపరింటెండెంట్ చదువుతున్నాడు. "ఇరవై ఏడు, వినికిడి పరికరాలు... ఇరవై తొమ్మిది, సంచార వైద్యశాలలు..."

"ఆగండి. ఇరవై ఎనిమిది ఏదీ?"

"లేదండీ."

"ఇరవై ఏడు తర్వాత ఇరవై తొమ్మిదని మీకు ఏ బళ్లో చెప్పారు?"

"మూడేళ్లు పైసా ఖర్చు కాని పద్దుని కంప్యూటరే తీసేస్తుంది మేడమ్. రూలు మనదే. రాతిదుమ్ము బాధితుల భృతి అది. ఏటా వెయ్యి పెట్టి వదిలేస్తున్నాం కదా. చచ్చిన పద్దు."

"చచ్చిందా? చంపారా?"

సూపరింటెండెంట్ కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

చట్టం పుట్టి, సొమ్ము సమకూరని పథకానికి పుస్తకంలో పేరైనా మిగలాలని వెయ్యి రూపాయలు రాసి ఉంచడం ఆ శాఖ ఆనవాయితీ. దానినే నామమాత్రపు పద్దు అంటారు. పేరు పోతే పథకమూ పోతుంది. తిరిగి కావాలంటే మరో చట్టం చేయాలి. మొదటి చట్టం కోసమే నాలుగు వందల పన్నెండు కుటుంబాలు తొమ్మిదేళ్లు కాళ్లరిగేలా తిరిగాయి.

"ఆ భృతి కోసం తిరిగే కంకర మిల్లావిడ కిందే ఉందండీ," అన్నాడు సూపరింటెండెంట్. "నెలలో మొదటి సోమవారం కదా. క్యాలెండర్ తప్పినా ఆవిడ తప్పదు."

"పైకి రమ్మనండి."

"ఇవాళా? బల్ల మీద పుస్తకం ఉండగా..."

"పుస్తకాన్ని బీరువాలో పెట్టండి. ఆ ఫైలు తెప్పించండి. ఆవిడను పిలవండి. ఈ వరుసలోనే."

వచ్చిన స్త్రీకి నలభై దాటి ఉండవు. గోళ్ల చుట్టూ చర్మం పగిలి, రాతిపొడి ఇంకిపోయి ఉన్నది. కుర్చీ చూపించినా వెంటనే కూర్చోలేదు.

"కూర్చోండి. మీ ఆయన ఎలా ఉన్నారు?"

"ఉన్నాడమ్మా. మంచం మీంచి గుమ్మం దాకా వస్తాడు. మళ్లీ గుమ్మం నుంచి మంచం దాకా వెళ్లడానికి పావుగంట కావాలి. మాట్లాడితే ఆయాసం. అందుకని మా అత్తగారు రోజంతా ఆయన వంతు కూడా కలిపి మాట్లాడుతుంది."

సూపరింటెండెంట్ నవ్వబోయి ఆపుకున్నాడు.

"నవ్వండి బాబూ, నవ్వుకేం పన్నులేదుగా," అన్నదామె. తర్వాత ఎర్ర పెన్సిల్ వైపు తిరిగింది. "మూడేళ్లలో మీ ఆఫీసులో కుర్చీలు మారాయి, ఫ్యాన్లు మారాయి. జవాబు మాత్రం మారలేదు. పరిశీలనలో ఉంది, పరిశీలనలో ఉంది. అంతలా పరిశీలిస్తే రాయైనా కరగాలి కదమ్మా? ఆయన ఊపిరి ఉండగా ఇస్తే మందులు కొంటాం. పోయాక ఇస్తే ఫోటోకి ఫ్రేము కొనుక్కోవాలి."

"సాయంత్రం దాకా కింద కూర్చోగలరా?"

"మూడేళ్లు కూర్చున్నాను. సాయంత్రం ఒక లెక్కా?"

ఆమె దిగివెళ్లాక ఎర్ర పెన్సిల్ ఫైలు తెరిచింది. సంక్షేమ శాఖ పంపిన ప్రతిపాదనలో లోపం లేదు. బడ్జెట్ విభాగం రాసింది: విధివిధానాలు ఖరారైన పిమ్మటనే కేటాయింపు. వ్యయ విభాగం రాసింది: కేటాయింపు జరిగిన పిమ్మటనే విధివిధానాలు. రెండు విభాగాలూ ఒకే మంత్రిత్వ శాఖవి. గదుల మధ్య ఉన్నది పన్నెండు అడుగుల వసారా. ఆ వసారాను ఫైలు పదకొండు మార్లు దాటింది. ప్రతి మారూ రాసినవారు న్యాయంగానే రాశారు, పై అధికారి మొదట రాసిన మాటను అనుసరించారు.

ఆ మొదటి మాట ఎర్ర పెన్సిలుతో ఉన్నది. చేతిరాత ఆమెదే.

ఆమె ఆ పుటను రెండుసార్లు చదివింది. ఫైలు చంకన పెట్టుకొని వసారా దాటి, వ్యయ విభాగం అధికారి ఎదుట నిలబడింది. కేటాయింపు ఈ రోజే వస్తుందని రాసి ఇచ్చి, మూడేళ్లుగా సిద్ధంగా ఉన్న విధివిధానాల మీద అతని సంతకం తీసుకొన్నది. పని పూర్తి కావడానికి అరగంట పట్టింది. ఆ అరగంట ఆమెకు సంతోషం కలిగించలేదు.

మూడింటికి ఆర్థిక కార్యదర్శి గదిలోకి వెళ్లింది. ఒకప్పుడు అతనికి ఫైలు చదవడం నేర్పినది ఆమే.

"అక్కయ్యా, ఇవాళ వద్దు," అన్నాడతను, కాగితం చూడకుండానే. "వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏటికి పద్దు ఉండదు."

"మంత్రివర్గం ఆమోదించాక కొత్త వరుస ఎలా పెడతాం?"

"కొత్తది కాదు. శాఖ చేసిన తప్పును శాఖే దిద్దుకోవచ్చు. మొత్తం పెరగకూడదు, తప్పు చేసిన అధికారి సంతకం ఉండాలి. ముందుజాగ్రత్త నిధిలో సరిగ్గా ఇంత తగ్గించాను. మొత్తం మారదు."

అతను అంకె చూసి ఉలిక్కిపడ్డాడు. "ఇంతా! వెయ్యి చాలదా?"

"తప్పు జరగకపోతే ఈ ఏడు వాళ్లకు ఎంత అందేదో అంత. వెయ్యి పెట్టి మూడేళ్లు మనల్ని మనం మోసం చేసుకున్నాం. వాళ్లను కూడా."

"సరే. తప్పు కంప్యూటర్ది అని రాద్దాం. ఎవరో ఒకరి సంతకం కావాలంటే సూపరింటెండెంట్ ఉన్నాడు. చిన్న మందలింపుతో పోతుంది."

"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. అలా ఉంది నీ న్యాయం. పగలగొట్టింది నేనయ్యా."

అతను కలం మూత పెట్టాడు. "మరి రిటైరయ్యాక మీకు రావలసిన పన్నుల కమిషన్ పదవి? పై నెల పేర్లు పంపాలి. సర్వీసు రిజిస్టర్లో ఇది ఎక్కితే మీ పేరు పంపలేను. మీ వియ్యంకుడైతే మీరు సభ్యురాలైపోయారని అప్పుడే ఊరంతా చాటుతున్నాడు."

"ఆయన ఇంకేదైనా చాటుకుంటాడులే. ఆయనకి విషయాలకు కరువా?"

"ఇరవై ఏళ్లు ఎదురుచూసిన పదవి అక్కయ్యా."

"అవును," అన్నదామె. "నాకు ఇష్టమైన పదవే. కలం ఇలా ఇవ్వు."

తప్పు ఏమిటో, ఎవరిదో, ఎన్నాళ్లదో మూడు వాక్యాల్లో రాసి సంతకం చేసింది. క్షమించమని రాయలేదు. క్షమించవలసినవారు ఆ కాగితం చదవరు. కార్యదర్శి అది చదివి, కింద తన సంతకం పెట్టాడు. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ఇరవై ఎనిమిదో వరుసతో పుస్తకం అచ్చుకు వెళ్లింది.

సందర్శకుల గదిలో కంకర మిల్లావిడ ఒక్కతే మిగిలి ఉన్నది. ఎర్ర పెన్సిలును చూసి లేచి నిలబడింది.

"ఏమైందమ్మా?"

శుక్రవారం మంత్రి నోరు విప్పేదాకా పుస్తకంలోని ఒక్క అక్షరమూ బయటికి పొక్కరాదు. ముప్పై నాలుగేళ్లలో ఆమె ఆ నియమాన్ని ఎన్నడూ మీరలేదు. ఇప్పుడూ మీరదలచలేదు.

"పుస్తకంలో ఏముందో నేను చెప్పకూడదు. చెప్పను."

"పరిశీలనలో ఉందంటారు."

"అనను. ఒకటే మాట, ఎవరికైనా చెప్పేదే. ఇలాంటి దరఖాస్తులకు వైద్యుడి ధ్రువపత్రం తాజాది ఉండాలి. మూడు నెలలు దాటినది చెల్లదు. మీ దగ్గరున్నది ఎప్పటిది?"

"రెండేళ్లు దాటింది. ఎవరూ అడగలేదు కదా అని..." ఆమె అక్కడ ఆగిపోయింది. ఎదుటి ముఖంలో ఏదో వెతికింది. ఆ ముఖం ఎప్పటిలాగే కఠినంగా ఉన్నది. చూపు మాత్రం తప్పించుకోలేదు.

కంకర మిల్లావిడ మెల్లగా కొంగు బిగించి దోపుకొన్నది.

"రేపే ఆస్పత్రికి తీసుకెళ్తాను. ఆటోలో పడుకోబెట్టైనా సరే. ఎన్ని కాపీలు తీయించాలమ్మా?"

"మూడు. మిగిలిన నాలుగు వందల పదకొండు ఇళ్లకూ ఇదే చెప్పండి."