పక్కింటి గొడుగు

నేను ఒక టీవీ రిమోట్‌ని. నవ్వకండి. మీ ఇంట్లో మా జాతిది ఒకటి కనబడకపోతే ఇంటిల్లిపాదీ దిళ్లు ఎత్తి, మంచాల కిందకి వంగి, ఒకరినొకరు తిట్టుకుంటూ వెతుక్కుంటారు కదా, మా విలువ అప్పుడు తెలుస్తుంది. దొరికాక మళ్లీ మామూలే, ఎవరో ఒకరు మామీదే కూర్చుంటారు.

పుట్టింది ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో. వేడి ప్లాస్టిక్ వాసన తప్ప పెద్దగా గుర్తులేదు. గ్లౌజులు వేసుకున్న ఒకమ్మాయి నా గుండీలన్నీ నొక్కి చూసి, "ఓకే" అని పక్కకి తోసేసింది. నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అదే. నా నెత్తిమీద ఒక చిన్న చిల్లుంది, అదే నా చెవి. గుండీ నొక్కి సినిమా పేరు చెబితే నేను విని టీవీకి చేరవేస్తాను. ఈ కథంతా ఆ చెవి వల్లే జరిగింది కాబట్టి దాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

మొదట నన్ను కొన్నది విజయనగరంలో ఒక లెక్చరర్ గారు. ఇంటికి రాగానే వాళ్లావిడ నాకో ప్లాస్టిక్ కవరు తొడిగి, చివర రబ్బరు బ్యాండు బిగించారు. మీరూ అంతే కదా! బండి సీటుకి కవరు, సోఫాకి కవరు, ఫ్రిజ్జు పిడికి కూడా కవరు. వస్తువు మూలపడేదాకా కొత్తగానే ఉంచుతారు, దాన్ని ముట్టుకున్న సుఖం మాత్రం మీకు ఉండదు. పాపం నా చెవికి కూడా ఆ కవరు అడ్డమొచ్చింది. అప్పట్నుంచి లోకమంతా నాకు తలుపు అవతల మాట్లాడుతున్నట్టే వినబడేది.

ఆ ఇంట్లో రాత్రి భోజనాల వేళ నాకు చేతినిండా పనే. ఇది చూద్దామా అంటే, అబ్బే, ఏడుపుగొట్టు మొహంలా ఉంది. అది? అందులో హీరో ఎవరో కూడా తెలీదు. ఆ పక్కది? పేరే బాగోలేదు. తెరమీద సినిమాల బొమ్మలు దొర్లుతూనే ఉండేవి, కంచాల్లో అన్నం చల్లారిపోయేది. చివరికి డైలాగులన్నీ కంఠతా వచ్చిన పాత కామెడీయే మళ్లీ పెట్టుకుని హాయిగా నవ్వుకునేవాళ్లు. నాకేమో అట్టడుగు వరసల్లో ఎవరూ నొక్కని బొమ్మల మీదే కన్ను. వాటిలో ఏముందో ఒక్కసారైనా ఎవరైనా తెరిచి చూస్తే బాగుండునని నాకు ఒకటే ఆత్రం.

తర్వాత వాళ్లింటికి గోడంత టీవీ ఒకటి వచ్చింది. పాత టీవీనీ నన్నూ ఊళ్లోని ఒక డయాలసిస్ సెంటర్‌కి ఇచ్చేశారు. కిడ్నీలు పనిచెయ్యనివాళ్లు అక్కడికి వారానికి మూడుసార్లు వస్తారు. చేతికి రెండు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మెషీన్లోంచి తిప్పి శుభ్రం చేస్తారు. నాలుగ్గంటలు కదలకుండా పడుకోవాలి. సూదులున్న చెయ్యి ఆడించకూడదు. రెండో చెయ్యి ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీ చేతిలోకి నేను వెళ్లేదాన్ని. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారినప్పుడల్లా సిస్టర్ ఎస్తేరు నా కవరు మీద స్పిరిట్టు రాసి తుడిచేది.

కిటికీ పక్క మంచం మంగతాయారు గారిది. క్యాసెట్ల కాలంలో ఆవిడా, వాళ్లాయనా కోట దగ్గర వీడియో షాపు నడిపారట. ఆయన వీసీఆర్‌లు బాగుచేస్తూ లోపలుంటే కౌంటర్లో ఈవిడ. సినిమా చెప్పమని ఎవరడిగినా కథ చెప్పేవారు కాదు. హీరో ఎవరో కూడా చెప్పేవారు కాదు. ఒక్క వస్తువో, ఒక్క పనో చెప్పి ఊరుకునేవారు. ఆ అలవాటు ఇక్కడా పోలేదు. "ఇందులో ఆ పిల్ల చెప్పులు ఎక్కడ విప్పుతుందో చూడు." "ఇందులో ముసలాయన కాఫీ తాగుతాడు, గ్లాసు ఎవరు కడుగుతారో చూడు." అంతే! ఇక ఆ మనిషి చెప్పుల కోసం, గ్లాసు కోసం కళ్లు ఇంతలు చేసుకుని చూడాల్సిందే. ఎవరూ ముట్టని అట్టడుగు సినిమాలు ఆవిడ పుణ్యమా అని ఆ వార్డులో నడిచాయి. నా ఆత్రమూ తీరింది.

"ఇదీ పెద్ద వీడియో షాపే సిస్టరూ, కాకపోతే కౌంటర్లో మనిషి లేడు" అనేవారు నన్ను ఊపుతూ.

ఆ పక్క మంచం తవిటినాయుడిది. బస్సు కండక్టరు. నలభై దాటని మనిషి, ఎవరితోనూ మాట్లాడడు. పిలిచినరోజు రాడు. ఒంట్లో నీరు చేరి, కాళ్లు వాచి, ఊపిరాడక భార్య దమయంతి ఆటోలో వేసుకొస్తే వస్తాడు. ఇలా ఎగ్గొడితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పారు, సిస్టర్ తిట్టింది, దమయంతి చేతులు పట్టుకుంది. ఏం లాభం లేకపోయింది.

ఒకరోజు అలాగే మోసుకొచ్చి పడుకోబెట్టారు. సూదులు పెట్టాక భార్యతో అన్నాడు. "ఇదే ఆఖరు. నానింక రాను. బతికినన్నాళ్లూ ఈ మంచమేనా? నాకెందుకొచ్చిన గొడవ, వొదిలీండి." దమయంతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

మంగతాయారు గారు ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. "నాయుడూ, 'పక్కింటి గొడుగు' చూశావా?" అని అడిగారు.

నాయుడు కప్పు కేసి చూస్తూ "నేదు" అన్నాడు.

"అయ్యో రామ! అందులో పసుపుపచ్చ గొడుగు ఒకటి వస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పను. టికెట్టు లేనివాణ్ణి ఇట్టే పట్టేస్తావటగా, దాన్ని పట్టు చూద్దాం." అని నన్ను నోటి దగ్గర పెట్టుకుని పేరు చెప్పారు.

కవరు లోంచి నాకు వినబడింది 'పక్కింటి గొడవ' అని. విన్నది చేరవేశాను. అలాంటిదొకటి నిజంగానే అట్టడుగు వరసలో ఉంది, సినిమా కూడా కాదు, సిరీస్. శుక్లాల కళ్లతో ఆవిడ ఆ అక్షరాలు చదవలేరు. నాయుడు చదివాడు గానీ, మామ్మగారికి పళ్లు లేక అలా పలికారనుకున్నాడు.

రెండిళ్ల మధ్యగోడకి బీట పడింది. బాగు చేయించాల్సింది మీరంటే మీరని రెండు కుటుంబాల పోట్లాట. కాసేపు చెవులప్పగించి విన్నాక మంగతాయారు గారికి పొరపాటు తెలిసిపోయింది. వెనక్కి వెళ్లే గుండీ మీద బొటనవేలు పెట్టారు. సరిగ్గా అప్పుడే పక్కమంచం మీంచి మాట వినబడింది.

"గొడుగు ఎవరిదమ్మా? ఆ కళ్లజోడు ముసలాయనదేటి?"

ఆ వార్డులో నాయుడు తనంతట తాను ఒక మాట అడగడం అదే మొదలు. నా మీది బొటనవేలు మెల్లగా లేచిపోయింది. "చూస్తుండు" అన్నారు ఆవిడ.

ఒక భాగం అవగానే టీవీ కట్టించేశారు. వీడియో షాపు పద్ధతి, ఒక క్యాసెట్టు తిరిగిస్తేనే ఇంకోటి. మిగతాది మళ్లీ వచ్చినప్పుడే అన్నారు. ఇంట్లో ఫోనులో చూసెయ్యకూడదని ఒట్టు కూడా వేయించుకున్నారు.

నమ్ముతారో లేదో, తర్వాతి వంతుకి నాయుడు తన కాళ్లమీద తాను నడిచొచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. సిరిమాను పండగకి స్పెషల్ బస్సులుంటే డ్యూటీ మార్చుకుని మరీ వచ్చాడు. ఉన్న గొడుగైతే ఎప్పుడో కనబడేది. లేని గొడుగు కాబట్టి బొమ్మలో ప్రతి మూలా గాలించాల్సి వచ్చింది. తలుపు వెనక, మంచం కింద, దండెం మీద, ఏదీ వదల్లేదు. ఒకనాడు ఉన్నట్టుండి అరిచాడు. "సిస్టర్! ఆ ముసలాయన చొక్కాకి మొన్న గుండీ ఊడిపోయుంది. ఇయ్యాల కుట్టేసుంది. ఆయన పెళ్లాం ఊళ్లో నేదు కదా, కుట్టిందెవరు?" వార్డంతా దానిమీదే చర్చ. మెషీను కూతపెడుతున్నా సిస్టర్ ఎస్తేరు ఒక్క క్షణం ఆగి టీవీ వంక చూసింది. పక్కింటావిడే కుట్టి ఉంటుందని దమయంతి తేల్చింది. చాలాకాలానికి దమయంతి నవ్వడం చూశాను.

నాకు మాత్రం లోపల దడే. ఆఖరి భాగం వస్తుంది, గొడుగు రాదు. అప్పుడీ మనిషి ఏం చేస్తాడు? మంగతాయారు గారికీ అదే భయం. ఆవిడ అరచెయ్యి చెమట పట్టడం కవరు మీంచి కూడా తెలుస్తూనే ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. గోడ బాగుచేశారు. బీట పూడిపోయింది. ఇన్నాళ్లూ ఆ బీటలోంచి తిట్టుకున్న ముసలాయనకీ, పక్కింటావిడకీ ఇప్పుడు తోచడంలేదు. ముసలాయన లేచి గోడమీద ఒకసారి తట్టాడు. అవతల్నుంచి కూడా ఎవరో తట్టారు. పేర్లు పడ్డాయి. నాయుడు ఆ పేర్లు కూడా చివరిదాకా చూశాడు.

"గొడుగేదమ్మా?"

ఆవిడ దాచలేదు. "ఇందులో లేదు నాయనా. నేనడిగింది గొడుగు, ఈ రిమోట్టు గొడవ పెట్టింది. మొదటిరోజే తెలిసింది నాకు."

"మరి ఆ గొడుగు సినిమా ఏదీ?"

"ఎక్కడా లేదు. నెట్టంతా వెతికించాను. మా షాపు క్యాసెట్టు బూజుపట్టి పోయింది."

"అంటే ఇన్నాళ్లూ నన్ను ఎర్రోణ్ణి సేసినారన్నమాట."

"చేశాను. నువ్వు పోతానంటే చూస్తూ పడుకోమంటావా? మళ్లీ అయినా చేస్తాను!" అన్నారు. నాయుడు సూదులు తీయించుకుని, దూది నొక్కిపట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి వంతు వచ్చింది. వేళ దాటిపోయింది. ఆ మంచం ఖాళీ. మంగతాయారు గారు నన్ను ముట్టుకోలేదు, ఎవరు సినిమా అడిగినా తల అడ్డంగా ఊపారు. ఆ మూల మంచంలో హైమ అనే కొత్తమ్మాయి. మొదటిరోజు. సూదులు తీసెయ్యమని, ఇంటికి పోతానని ఒకటే ఏడుపు. అంతా ఈ కవరు వల్లే వచ్చిందని సిస్టర్ ఎస్తేరు విసుక్కుంటూ నా రబ్బరు బ్యాండు లాగబోయింది.

"కవరు ఉండనీండి సిస్టర్."

గుమ్మంలో నాయుడు. బస్సు ఆలస్యమైందట, ఖాకీ చొక్కాతోనే వచ్చేశాడు. మంగతాయారు గారి వంక చూడకుండా మంచమెక్కి, సూదులు పెట్టించుకుని, ఖాళీ చెయ్యి నా కోసం చాపాడు.

"సెల్లీ, ఏడవకు. ఇటు సూడు" అన్నాడు హైమతో. "'పక్కింటి గొడుగు' అని ఒకటుంది. అందులో పసుపుపచ్చ గొడుగు వస్తాది. ఎప్పుడొస్తాదో సెప్పను. రోజుకి ఒక్క భాగమే."

నన్ను నోటి దగ్గర పెట్టుకుని పేరు చెప్పాడు. కవరు అక్కడక్కడా చిరిగింది లెండి, ఈసారి నాకు చక్కగా 'గొడుగు' అనే వినబడింది. అయినా నేను 'గొడవ' అనే చేరవేశాను. కిటికీ పక్క మంచంలో ఆవిడ దుప్పటి మొహమ్మీదికి లాక్కున్నారు. దుప్పటి కుదుపు చూస్తే నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు.

నా గుండీల మీద అంకెలు చెరిగిపోయాయి. రేపో మాపో ఏ సొరుగులోనో పడతాను, బాధేమీ లేదు. ఆ రోజు మాత్రం బొమ్మ మొదలైంది, మధ్యగోడ కనబడింది. ఏడుపు ఆపి హైమ కళ్లు తుడుచుకుంది. "అన్నా, ఆ తలుపు వెనక పచ్చగా ఉన్నదేంటి?" అని అడిగింది.

అందులో గొడుగు లేదని నాకు తెలుసు. అయినా నేనూ ఆ తలుపు వెనక్కి తొంగిచూశాను.