మాయ పని

మాది పళ్ళరసాల షాపు. గల్లాపెట్టె దగ్గర అత్తయ్య, మిక్సీ దగ్గర మా ఆయన, కత్తి దగ్గర నేను. పళ్ళు ఒలవడంలో నా చేతివాటం చూసి కొనేవాళ్ళు నోరెళ్ళబెట్టేవారు. ఆ మాటకి దొంగతనం అనే అర్థం కూడా ఉందని ఏడో నెల వచ్చాకే నాకు గుర్తొచ్చింది.

ఆ నెల పరీక్షలో షుగర్ ఉందన్నారు. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుందట, చాలామందికి కాన్పయ్యాక తగ్గిపోతుందట. తిండి కొలిచి తినమన్నారు, నడవమన్నారు, వేలు పొడిచి చూసుకునే మిషన్ చేతిలో పెట్టారు. అదుపులో లేకపోతే బిడ్డ లోపల మరీ పెద్దదైపోతుందనీ, పుట్టగానే బిడ్డకే చక్కెర పడిపోవచ్చనీ చెప్పారు. ఆ చివరి మాటకి నా గుండెల్లో రాయి పడింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, పట్టుదల కూడా అక్కడే. నోరు కట్టేసుకున్నాను. చుట్టూ పళ్ళు ఘుమఘుమలాడుతున్నా ఒక్క ముక్క ముట్టలేదు. అయినా మధ్యాహ్నం భోంచేశాక షాపులోనే స్పిరిట్ దూదితో వేలు తుడిచి పొడుచుకుంటే, మిషన్ రెండొందలు దాటి చూపించేది.

"నిజం చెప్పు అమ్మాయ్, ఒలిచేటప్పుడు ఒకటో రెండో నోట్లో పడుతున్నాయి కదూ?" అంది అత్తయ్య.

"పడితే మీకు కనపడదా? పొద్దస్తమానం నా మీదే కళ్ళేసుకుని కూర్చుంటారుగా!"

"నా కళ్ళు గల్లా మీదుంటాయే తల్లీ. నీ నోటికెక్కడ కాపలా కాయను?"

మా ఆయన గబుక్కున మిక్సీ వేశాడు. మా ఇద్దరికీ మాటా మాటా వస్తే ఆయనకి ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది. నాకు ఒళ్ళు మండింది, అంతకన్నా ఎక్కువగా భయమేసింది. తినకుండానే ఇలా పెరుగుతోందంటే, నా ఒళ్ళే నా బిడ్డకి విషం పెడుతోందా?

మర్నాడు మధ్యాహ్నం షాపు నుంచే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, అత్తయ్యా నేనూ. డాక్టరమ్మ నా అంకెలు చూసి కనుబొమలు ముడిచింది. నా వేలు పొడవబోయి, ఆగి, దాన్ని తన ముక్కు దగ్గర పెట్టుకుంది.

"కమలాపండు వాసనొస్తోందే! చేతులు కడుక్కునే చూసుకుంటున్నావా?"

"షాపులో స్పిరిట్‌తో తుడుచుకుంటానండీ. నీళ్ళకన్నా అదే శుభ్రం కదా?"

"క్రిములకి సరే. పండు రసం దాంతో పూర్తిగా పోదమ్మా. వేలి మీది తీపి నెత్తురు చుక్కలో కలుస్తుంది. మిషన్‌కేం తెలుసు, రెండూ కలిపి లెక్కేస్తుంది. వెళ్ళి సబ్బుతో కడుక్కురా."

కడుక్కొచ్చాక నూట పదహారు. అత్తయ్య వంక చూశాను. ఆవిడ ఫ్యాను వంక చూసింది.

నేను ఎగిరి గంతేసేలోపే డాక్టరమ్మ చెయ్యెత్తింది. "ఆగమ్మా. పొద్దున పరగడుపున ఇంట్లో చూసుకున్నవి ఉన్నాయిగా, అవి నిజంగానే ఎక్కువ. రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెడదాం."

"పిల్ల రాత్రంతా మంచినీళ్ళు తప్ప ముట్టదండీ! ఎలా పెరుగుతుంది?" అని దెబ్బలాటకి దిగింది అత్తయ్య. ఇందాకటిదాకా నన్ను దొంగని చేసినావిడే!

"అదంతా మాయ పనండీ."

"మేం సైన్సు అడుగుతుంటే మీరు మాయలూ మంత్రాలూ అంటారేంటి!"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఆ మాయ కాదు. కాన్పులో బిడ్డ వెనకాల పడుతుందే, ఆ మాయ. బిడ్డ కోసం ఒంట్లో కొత్తగా తయారయ్యే అవయవం అది. తల్లి ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది, బిడ్డకి చక్కెర బాగా అందాలని. మామూలుగా తల్లి ఒళ్ళు ఇంకాస్త ఇన్సులిన్ చేసుకుని సర్దుకుంటుంది. ఈ అమ్మాయికి అది చాలడం లేదు. తప్పెవరిదీ కాదు."

"మరి ఆ మందు నా బిడ్డలోకి పోదా?" అన్నాను.

"చక్కెర మాయని దాటుతుంది. ఇన్సులిన్ దాటదు. లోపలున్న బిడ్డ తన ఇన్సులిన్ తనే చేసుకుంటోంది."

ఇంకా లోకం చూడని ప్రాణి, నేను పంపే తీపిని చూసుకుంటూ తన మందు తనే చేసుకుంటోందా! నాకు తెలియకుండా నా కడుపులో ఇంత కాపురం నడుస్తోందా! నేను ఎక్కువ పంపితే అది ఎక్కువ చాకిరీ చేయాలి. పుట్టాక తీపి రావడం ఆగినా, అలవాటు కొద్దీ చేసుకుంటూనే పోతుంది. పుట్టగానే చక్కెర పడిపోవడం అంటే అదట. ఆ రోజు నుంచి సూది వేసుకునేటప్పుడల్లా "నీ పని తగ్గించడానికేనమ్మా" అని పొట్టకి చెప్పి మరీ వేసుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది. మొదటిసారి పాలు తాగించాక నర్సు మిషన్ పట్టుకొచ్చి, పాప మడమ తుడిచింది. నా వేళ్ళు తూట్లు పడ్డప్పుడు రాని ఏడుపు ఆ మడమని చూడగానే తన్నుకొచ్చింది. పాప కెవ్వుమంది. అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకుంది.

"యాభై ఎనిమిది," అంది నర్సు.

"అంత తక్కువా?" అన్నాను.

"పెద్దవాళ్ళకైతే తక్కువ. అప్పుడే పుట్టిన పిల్లకి చక్కగా ఉన్నట్టే. ఇంకా చూస్తూనే ఉంటాంలెండి, కానీ ఇప్పటికి బంగారంలా ఉంది."

బొడ్డుతాడు కోసి ఎంతో సేపు కాలేదు. ఇక అమ్మ దగ్గర్నుంచి తీపి రాదని, ఇన్సులిన్ చేయడం కాస్త తగ్గించుకోవాలని, ఈ గుప్పెడు పిల్లకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. నాకే తెలియదు. అది తెలుసుకుని, సర్దుకుని, హాయిగా ఆవలించింది.

కన్నబిడ్డకి దండం పెడతారా ఎవరైనా? నేను పెట్టాను.