తెల్ల పెట్టెలో పడ్డ ఉత్తరం

షారోన్‌కి పద్నాలుగేళ్లు నిండడానికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఆ వయసు పిల్లలు కేకు మీద ఏ పువ్వు వేయించాలా అని ఆలోచిస్తారు. ఈ పిల్ల మాత్రం ఆ రోజు అసలు రాకపోతే బాగుండునని కోరుకుంటోంది. "పెద్దదానివైపోతున్నావమ్మా" అని ఎవరైనా ముద్దుగా అన్నా చాలు, అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేది.

దీనికంతటికీ మూలం క్రిస్మస్ నాటి భోజనం.

షారోన్ పెద్దమ్మ కూతురు స్టెల్లా. విజయవాడ అవతల ఒక హాస్టల్లో ఉండి చదవడానికి తొమ్మిదో తరగతిలోనే చేరి, ఇప్పుడు ఇంటర్‌కి వచ్చింది. మూడు రోజుల సెలవు దొరికితే యానాం వచ్చి, కనకాలపేటలో వీళ్లింట్లో భోజనానికి కూర్చుంది. ఒకప్పుడు ఆ పిల్ల కంచం ముందు కూర్చుంటే లేచేది కాదు. చేప ముల్లు తీస్తూ ఒక కబురు, పులుసు కలుపుతూ ఒక కబురు, మధ్యమధ్య కూనిరాగం. ఈసారి తలెత్తలేదు. ముద్ద మీద ముద్ద. ఏడు నిమిషాల్లో కంచం ఖాళీ. షారోన్ వాళ్ల నాన్న ప్రసాద్‌కి అది చూసి ముచ్చటేసింది. "చదువుకునే పిల్ల కదా, ఆకలెక్కువ" అని ఇంకో గరిటె పలావు వడ్డించాడు. వద్దనకుండా అదీ తినేసింది.

తర్వాత కుళాయి దగ్గర షారోన్ అడిగింది. "అంత గాబరాగా తిన్నావేంటక్కా?"

"పది నిమిషాలకి బెల్లు కొట్టేత్తారే. కంచంలో ఏమున్నా వదిలేసి లెగాలి." స్టెల్లా చేతులు కడుగుతూనే ఉంది. "ఇక్కడ బెల్లు లేదని తెలుసు. అయినా చెయ్యి ఆగట్లేదు."

కుళాయి కట్టేసి చెల్లెలి జడ సవరించింది. "నీకింకా టైముందిలే" అంది.

ఎంత టైముంది? ఎనిమిదో తరగతి అయిపోయేదాకా. ఎందుకంటే ఆ హాస్టల్లోనే షారోన్‌ని కూడా వేయాలని ప్రసాద్ ఎప్పుడో మనసులో పెట్టుకున్నాడు. పగలంతా ఆటో నడుపుతూ, ఎక్కినవాళ్లందరికీ ఆ సంగతి చెప్పుకునేవాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం కాకినాడలో ప్రవేశ పరీక్ష. షారోన్ క్లాసులో ఫస్టు. రాస్తే సీటు రావడం ఖాయమని అందరికీ తెలుసు, అందరికన్నా ఎక్కువగా షారోన్‌కి తెలుసు. తెలివి ఉండడం కూడా ఇలా ప్రాణం మీదికి వస్తుందని ఆ పిల్ల ఎన్నడూ అనుకోలేదు.

అద్దంలో చూసుకుంటే స్టెల్లా అక్క కళ్లు కనిపించేవి. అన్నం తింటుంటే తెలియకుండానే గోడ గడియారం వైపు చూసేది. ఒకరోజు తొమ్మిది నిమిషాల్లో తినేసి, అది గమనించుకుని మర్నాటి నుంచి గడియారానికి వీపు పెట్టి కూర్చుంది.

ఈ భయం ఒక్క సాయిదివ్యకే చెప్పుకుంది. ఫరంపేట నుంచి సైకిల్ మీద వచ్చే ఈ పిల్ల షారోన్‌కి బల్ల పక్క నేస్తం. హిందువులే గానీ వాళ్లమ్మ ప్రతి శనివారం చర్చికొచ్చి కొవ్వొత్తి వెలిగించి వెళుతుంది.

"మేరీమాతకి ఉత్తరం రాసెయ్" అంది సాయిదివ్య. "ఇద్దరం ఎనిమిదిలోనే వందేళ్లుండిపోదాం."

నవ్వులాటకే అంది. షారోన్ నిజంగానే రాసింది.

చర్చిలో మరియమాత విగ్రహం పక్కన రెండు చెక్క పెట్టెలుంటాయి. నీలం పెట్టె విన్నపాలకి. అందులో వేసినవి ఎవరూ చదవరు, తొమ్మిది శనివారాలయ్యాక మాత ముందు ధూపంతో పాటు కాల్చేస్తారు. తెల్ల పెట్టె కృతజ్ఞతలకి. కోరిక తీరినవాళ్లు రాసి వేస్తే, శనివారం సాయంత్రం ప్రార్థనలో అందరి ముందూ చదువుతారు. ఇది అక్కడి పసిపిల్లలకీ తెలుసు. కానీ పరీక్షకి ముందు శుక్రవారం బడి నుంచి వస్తూ షారోన్ ఉత్తరం పట్టుకుని నిలబడ్డ క్షణంలోనే చర్చి బాగోగులు చూసే ఉపదేశి లూయిస్ తాత చీపురు పట్టుకుని లోపలికొచ్చాడు. చేతికందిన పెట్టెలో కాగితం పడేసి, పరుగున బయటికొచ్చేసింది.

మర్నాడు సాయిదివ్య మామూలుగా అడిగింది. "నీలందాంట్లోనే ఏసేవు కదా?"

షారోన్ కళ్లు మూసుకుని తలుచుకుంది. చేతికి తగిలిన పెట్టె తెల్లది.

సాయిదివ్య చెయ్యి పట్టుకుని లాగింది. ఎందుకంటే ఈ ఏడాది ఆ ఉత్తరాలు చదివే వంతు వాళ్లమ్మ జోసెఫిన్‌ది.

ఇద్దరూ చర్చికి పరుగెత్తారు. తెల్ల పెట్టె మూత తీసి ఉంది, లోపల ఏమీ లేదు.

"అన్నీ తీసి తట్టలో పెట్టేసేనమ్మా, పీఠం మీదున్నాయి" అన్నాడు లూయిస్ తాత. "చదివేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఏం, నీకేమైనా కోరిక తీరిందా?"

షారోన్ తల అడ్డంగా ఊపింది.

ఆ సాయంత్రం జపమాల ఎలా సాగిందో ఆ పిల్లకి తెలియదు. మంగళవార్త జపం నోటితో చెబుతూనే ఉంది, కళ్లు మాత్రం తట్టలో మడతపెట్టిన కాగితాల మీదే. ఆరున్నాయి. అందులో గళ్ల కాగితం ఒక్కటే, లెక్కల పుస్తకంలోంచి చింపింది. జోసెఫిన్ తల మీద కొంగు సర్దుకుని పీఠం దగ్గరికి వెళ్లింది. ఒకరికి ఉద్యోగం వచ్చిందట. ఒకరికి ఆపరేషన్ బాగా జరిగిందట. ఒక్కో ఉత్తరం అయ్యాక జనం "మరియమాతా, నీకు వందనాలు" అంటున్నారు.

గళ్ల కాగితం చేతిలోకి తీసుకుంది.

"మరియమాతా" అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఎవరూ గుర్తుపట్టకుండా కూతురు ఎడమచేత్తో వంకరగా రాసిన మాటలు అందులో ఉన్నాయి: 'ఆదివారం పరీక్షలో నాకు ఏమీ గుర్తు రాకుండా చెయ్యి. నేను పెద్దవ్వకూడదు. స్టెల్లా అక్కలా అయిపోతానని భయంగా ఉంది. ఇంట్లో చెబితే డాడీ బాధపడతారు.'

ముందు వరసలో ఎవరో దగ్గారు. షారోన్ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. అమ్మ ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తుంది, అందరూ వెనక్కి తిరిగి చూస్తారు, పరీక్ష తప్పాలని కోరుకున్న పిల్ల ఇదిగో అంటారు.

జోసెఫిన్ మళ్లీ మొదలుపెట్టింది. ఆ కాగితంలో లేని మాటలు చదివింది.

"మా ఇంట్లో బిడ్డ భయపడుతోందని నాకు తెలియదు. నా పక్కలో పడుకునే పిల్లే, అయినా తెలియలేదు. ఇప్పటికైనా తెలియజేసినందుకు నీకు వందనాలు. ఇట్లు, ఒక తల్లి."

జనం ఎప్పటిలాగే "మరియమాతా, నీకు వందనాలు" అన్నారు.

ఇంటికి వెళ్తూ రోడ్డు దాటేటప్పుడు జోసెఫిన్ కూతురి చెయ్యి పట్టుకుంది, దాటాక కూడా వదల్లేదు. గుమ్మం ముందు ఆగి, "మరియమాతకి చెప్పుకున్నావు. మీ డాడీకీ నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను" అంది.

ఇంతవరకూ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

లోపల ప్రసాద్ హాల్‌టికెట్టుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రెండు పెన్నులు పేపరు అంచున గీసి చూస్తున్నాడు. తొలి బస్సు అందుకోవాలని ఫోన్లో నాలుగింటికి అలారం పెట్టి, కూతుర్ని చూడగానే నవ్వాడు. ఆ నవ్వు చూస్తే షారోన్‌కి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పింది. బెల్లు సంగతి చెప్పింది, ఆగని చెయ్యి సంగతి చెప్పింది, రేపు కావాలనే తప్పు జవాబులు పెట్టాలనుకున్న సంగతి కూడా చెప్పేసింది.

ప్రసాద్ మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో చెప్పలేం. పెన్నులు పక్కన పెట్టి అడిగాడు. "క్రిస్మస్ నాడు స్టెల్లా అలా తిన్నది... బెల్లు కొట్టేత్తారనా?"

"ఊఁ."

"ఆకలనుకున్నానే" అన్నాడు ప్రసాద్. "ఇంకో గరిటేసేను."

తన కుడిచేతిని ఎవరి చెయ్యో అన్నట్టు చూసుకున్నాడు. ఫోన్ తీసి నాలుగింటి అలారం తీసేశాడు.

"తొమ్మిది ఇక్కడే చదువుకో. ఆ తరవాత సంగతి..." అని ఆపేశాడు.

తరవాత అన్న మాటకి షారోన్ లెక్కపెట్టుకుంది. తొమ్మిది తర్వాత పది ఉంది, పది తర్వాత ఇంటర్ ఉంది. అవి ఎక్కడికీ పోలేదు. పంతొమ్మిది రోజుల్లో పుట్టినరోజూ వస్తుంది.

జోసెఫిన్ అన్నాలు వడ్డించింది. ముగ్గురూ కూర్చున్నారు. ప్రసాద్ తన కంచం ముట్టుకోకుండా కూతురి చేతినే చూస్తున్నాడు.

"మెల్లిగా తినమ్మా" అన్నాడు. షారోన్ మెల్లిగానే తింటోంది.