ఎంక్వైరీకొచ్చిన మనిషి

లేయాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. నూజివీడులో ఓ ఆసుపత్రి ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది మరి. ఏటా మార్చి ముప్పై ఒకటిన ఉద్యోగం పోతుంది, ఏప్రిల్‌లో ఎప్పుడో కొత్త ఆర్డరు వస్తుంది. ఇంతవరకూ రాకుండా పోలేదు. అయినా రాదేమోనన్న బెంగతో పదకొండు మార్చి నెలలు గడిపిన మనిషి ఇంక దేన్ని నమ్ముతుంది? తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తదు. కిందటేడు తోటి ఉద్యోగి శిరీష లేయా పేరూ అడ్రసూ ఇచ్చి ఏదో యాప్‌లో అప్పు తీసుకుంటే, వసూలు వాళ్ళు లేయా గుమ్మం దాకా వచ్చి నానా మాటలూ అన్నారు. అప్పటి నుంచి ఇంటి తలుపుకు రెండో గడియ కూడా పెట్టించింది.

అలాంటిది ఈ ఏడు ధైర్యం చేసి, విస్సన్నపేట రోడ్డులో రెండు గదుల ఇల్లు చూసుకుని, బ్యాంకులో లోనుకు పెట్టింది. పూత చూసి, కాయ మొహం చూడకుండానే మామిడి తోటలు కొనేసే ఊరు ఇది. పదకొండేళ్ళ ఉద్యోగం చూసి అప్పివ్వడానికి మాత్రం బ్యాంకువాళ్ళు మూడు నెలలు తిప్పారు. చివరికి మేనేజరు మెత్తబడ్డాడు.

"మా మనిషి మీ ఇంటికి ఎంక్వైరీకి వస్తాడమ్మా. ఎప్పుడొస్తాడో చెప్పం. మీ కాంట్రాక్టు ఉండగానే ఫైలు పైకి వెళ్ళిపోవాలి. ముప్పై ఒకటో తారీఖు దాటిందా, మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంటి ఓనరు చిన్నరాయప్పను లేయా కనిపెట్టి చూడసాగింది. ఆయన మేడ మీద గదిలో ఆరేళ్ళుగా ఆమె, తల్లి రాహేలమ్మ అద్దెకుంటున్నారు. పెరట్లో ఉన్న ఒక్క రసాల చెట్టుకు పిందెలెన్నో రోజూ లెక్కపెట్టుకునే మనిషాయన. అద్దె పోతుందంటే ఊరుకుంటాడా? "ఇల్లు కొంటున్నావంటగా అమ్మాయ్?" అని ఓ పొద్దున అడిగాడు కూడా. ఈయనకెవరు చెప్పారో! ఇంకో రోజు ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన అరుగు మీద రెండు టీ గ్లాసులున్నాయి. ఎవరొచ్చారని అడిగితే, "ఎవరో లేమ్మా" అని మాట దాటేశాడు. లేయా ఆ రెండో గ్లాసు వైపే చూస్తూ మెట్లెక్కింది.

మార్చి ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం బ్యాంకు నుంచి కబురొచ్చింది. ఆ అడ్రసులో లేయా అనే మనిషే లేదని రిపోర్టు! ఆమె కాళ్ళావేళ్ళా పడితే, సాయంత్రం ఇంకోసారి పంపిస్తామని, ఇదే ఆఖరని మేనేజరు అన్నాడు.

ఇంటికొస్తూనే చిన్నరాయప్ప మీద విరుచుకుపడింది.

"అన్నమే తింటున్నారా మీరు? ఆరేళ్ళలో అద్దె ఒక్క రోజన్నా ఆలస్యం చేశానా? నా నోట్లో ఇలా మట్టి కొడతారా?"

రాలిన పిందెలు ఏరుకుంటున్న ఆయన అలాగే వంగి ఉండిపోయాడు. "నేనేం చేశానమ్మా?"

"బ్యాంకాయనకు నేనిక్కడ లేనని చెప్పలేదూ? పైగా టీ కూడా పోశారు!"

"టీ పోశాను. బంగారంలాంటి పిల్లని చెప్పాను. తనొచ్చినట్టు నీకు చెప్పొద్దన్నాడు, చెప్పలేదు."

"నమ్మడానికి నేనేమన్నా చంటిపిల్లనా?" వీధంతా వినబడేట్టు అరిచింది లేయా.

అప్పుడే గేటు దగ్గర బండాగింది. బ్యాంకు పంపిన మనిషి, వినోద్, సంచి భుజాన వేసుకుని లోపలికొచ్చాడు.

"ఆయన్నెందుకండీ తిడతారు? ఆయన బాగానే చెప్పారు. లేరన్నది పైనున్న పెద్దావిడ. ఇంట్లోవాళ్ళే లేరంటే నేనేం రాయను? ఇప్పుడూ ఆవిడ్నే అడగాలి, పదండి."

లేయా గబగబా అతని వెనకే మెట్లెక్కింది.

రెండు గడియలూ తీసిన చప్పుడైంది. రాహేలమ్మ తలుపు సందులోంచి చూసింది.

"లేయా గారు ఇక్కడే ఉంటారామ్మా?"

"మొన్నే చెప్పాగా బాబూ. ఆ పేరుగలవాళ్ళెవరూ ఇక్కడ లేరు." అతని వెనక కూతురు కనబడేసరికి ధీమాగా నవ్వింది. "నువ్వు నేర్పినట్టే చెప్పానే. సంచేసుకుని ఎవడొచ్చినా నాదిదే మాట."

"అమ్మా, ఈయన నిజంగానే బ్యాంకాయనే! నేనిక్కడే ఉంటానని చెప్పవే!"

రాహేలమ్మ నవ్వు మాయమైంది. "పోయినేడు వచ్చినోళ్ళూ బ్యాంకనే చెప్పారు. ఎవర్నీ నమ్మొద్దన్నది నువ్వేగా? నిన్ను బెదిరించి అలా అనిపిస్తున్నాడేమో, నాకేం తెలుసు?"

వినోద్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. లేయా తలుపుకున్న రెండో గడియ వైపు చూసింది. తన భయమంతా తనే తల్లికి నూరిపోసింది. ఇప్పుడెవర్ని తిట్టాలి?

కింద నుంచి చిన్నరాయప్ప గొంతు వినబడింది.

"ఉంటుందయ్యా! ఆరేళ్ళ నుంచీ ఆ గదిలోనే ఉంటుంది. ఇప్పుడే వీధిలో నా పరువు తీసి మరీ పైకొచ్చింది. లేని మనిషి అలా తిట్టగలదా? నా పేరు రాసుకో, సంతకం పెడతాను."

వినోద్ నవ్వాపుకుంటూ రాసుకుని కిందికి దిగాడు. చిన్నరాయప్ప పిందెల బుట్ట పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, సంతకం చేశాడు. లేయా వైపు చూడలేదు. ఆమె మెట్ల మధ్యలో నిలబడి "బాబాయ్ గారూ" అని పిలవబోయింది. సిగ్గేసి తల దించుకుంది.

పైన రాహేలమ్మ తలుపు మూసి రెండు గడియలూ వేసుకుంది.